గిట్‌హబ్ నుంచి డేటా లాగే స్క్రిప్ట్: లెక్క ఎక్కడ తప్పుతోంది?

కోడ్ ప్రాజెక్టులను దాచే సైట్ గిట్‌హబ్. దాని ఏపీఐని (ప్రోగ్రామ్‌లు డేటా అడిగే దారి) అడిగి స్క్రిప్ట్ లెక్కలు తెస్తుంది. ఎర్రర్ కొట్టి ఆగిపోయే స్క్రిప్ట్‌తో పెద్ద బాధ లేదు. సగం డేటా ఇచ్చి, అంతా బాగానే ఉన్నట్టు ముగిసేదే ముంచుతుంది.

సమస్య: కాసేపు నడిచాక 403 లేదా 429 ఎర్రర్ కోడ్ వస్తోంది.
కారణం: చాలాసార్లు రేట్ లిమిట్, అంటే ఇంత సమయంలో ఇన్ని రిక్వెస్టులే అన్న హద్దు. టోకెన్ (మీరెవరో చెప్పే రహస్య కోడ్) లేకపోతే గంటకు 60 రిక్వెస్టులే, పర్సనల్ యాక్సెస్ టోకెన్ ఉంటే 5,000. టోకెన్ పెట్టినా 60కే ఆగుతుంటే ఆథరైజేషన్ హెడర్ (రిక్వెస్టుతో పాటు టోకెన్‌ను మోసే వరుస) అసలు వెళ్లడం లేదు.
పరిష్కారం: జవాబులో రీట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే అన్ని సెకన్లు ఆగాలి. అది లేకుండా రిమైనింగ్ హెడర్ (ఇంకా మిగిలిన రిక్వెస్టులు) సున్నా అయితే, రీసెట్ హెడర్‌లో చెప్పిన సమయం దాకా ఆగాలి. ఆ అంకె 1970 నుంచి లెక్కించిన సెకన్లు. దాన్ని తిన్నగా స్లీప్‌కి ఇస్తే స్క్రిప్ట్ యాభై ఏళ్లకు పైగా పడుకుంటుంది! ఇప్పటి సమయాన్ని అందులోంచి తీసేసి ఇవ్వండి.

సమస్య: ఇష్యూలు (ప్రాజెక్టులో నమోదైన లోపాలు, పనులు) సరిగ్గా 30, లేదా సరిగ్గా 100 వచ్చాయి.
అలాంటి అంకె కనిపిస్తే అనుమానించాల్సిందే. పేజీకి మామూలుగా ఇచ్చేది 30, అడిగితే గరిష్ఠంగా 100. మీకు మొదటి పేజీ మాత్రమే అందింది. లింక్ హెడర్‌లో 'నెక్స్ట్' ఉన్నంతవరకు ఆ చిరునామానే పట్టుకుని వెళ్లాలి.

సమస్య: సెర్చ్‌లో మొత్తం 4,200 అని చూపిస్తోంది, చేతికి 1,000 మాత్రమే వచ్చాయి.
పేజీలు ఎన్ని తిప్పినా లాభం లేదు, ఒక్కో వెతుకులాటకు 1,000 ఫలితాలే ఇస్తుంది. క్రియేటెడ్ తేదీని బట్టి నెలలుగా ముక్కలు చేయండి. ఏ ముక్కలోనైనా మొత్తం వెయ్యి దాటితే దాన్ని వారాలుగా కోయండి. జవాబులో 'ఇన్‌కంప్లీట్ రిజల్ట్స్' ట్రూ అని ఉంటే ఆ వెతుకులాట మధ్యలోనే టైమౌట్ అయింది, మళ్లీ పంపాలి.

సమస్య: ఇష్యూల సంఖ్య వెబ్‌లో కనిపించే దానికన్నా ఎక్కువ.
ఇష్యూల ఏపీఐ పుల్ రిక్వెస్టులనూ (కోడ్ మార్పులు కలపమని పెట్టే అభ్యర్థనలు) కలిపి ఇస్తుంది. 'పుల్ రిక్వెస్ట్' కీ ఉన్న వరుసలను తీసేయండి. సంఖ్య తక్కువైతే స్టేట్ 'ఆల్' అని అడిగారో లేదో చూడండి, అడగకపోతే తెరిచి ఉన్నవే వస్తాయి.

సమస్య: గిట్ లాగ్‌లో (కోడ్ మార్పుల చరిత్రలో) ఒక్క కమిట్టే, అంటే నమోదైన ఒక్క మార్పే ఉంది.
షాలో క్లోన్, అంటే పాత చరిత్ర లేని కాపీ అయి ఉంటుంది. గిట్‌హబ్ యాక్షన్స్‌లో (గిట్‌హబ్ తనంతట తానే పనులు నడిపే సేవ) కోడ్ తెచ్చే చెకౌట్ మామూలుగా తెచ్చేది ఒక్క కమిట్టే. ఫెచ్-డెప్త్ 0 పెట్టండి. ముందే తెచ్చుకున్న క్లోన్ అయితే గిట్ ఫెచ్‌కి అన్‌షాలో ఆప్షన్ ఇస్తే చాలు.

సమస్య: ఒకే డెవలపర్ ముగ్గురుగా లెక్కలోకి వస్తున్నారు.
ఆఫీసు మెయిల్ ఒకటి, సొంత మెయిల్ ఒకటి, ల్యాప్‌టాప్ మారినప్పుడు పేరు ఇంకోలా. మెయిల్‌మ్యాప్ ఫైల్ (ఏ పేర్లు, మెయిళ్లు ఒకే మనిషివో చెప్పే జాబితా) రాసి వాటిని కలపండి. రాసినా కలవకపోతే లాగ్ ఫార్మాట్ చూడండి: రచయిత పేరు గుర్తులో 'ఎన్' చిన్నక్షరమైతే గిట్ మెయిల్‌మ్యాప్‌ను పట్టించుకోదు, పెద్దక్షరం కావాలి.