వార్మర్ 36.5 చూపిస్తున్నా బిడ్డ చల్లగా ఉంటే: నా అనుభవం

పర్లాకిమిడి వైపు నవజాత శిశువుల ప్రత్యేక వార్డులో పనికి చేరిన మొదటి నెల నన్ను ఏడిపించిన సమస్య ఇది. వార్మర్, అంటే బిడ్డను వెచ్చగా ఉంచే యంత్రం, తెర మీద 36.5 డిగ్రీలు, చంకలో థర్మామీటర్ పెడితే 36.1. అరికాళ్లు చల్లగా తగిలేవి. టోపీ తొడిగాను, ఫ్యాను ఆపాను, చివరికి వార్మరే మార్చాను. లాభం లేదు.

తప్పు ప్రోబ్ దగ్గర, అంటే బిడ్డ ఒంటి వేడిని కొలిచి యంత్రానికి చెప్పే తీగ కొస దగ్గర, దొరికింది. బిడ్డను పక్కకు తిప్పినప్పుడల్లా అది ఒంటి కిందకు జారేది. అక్కడి వెచ్చదనాన్ని నమ్మి యంత్రం వేడి తగ్గించేసేది.

ముందు చేతులు కడుక్కుని, పొట్ట పైభాగాన కుడివైపు, పక్కటెముకలకు దిగువన, చెమట, తడి లేకుండా దూదితో మెల్లగా అద్దాను. ప్రోబ్ లోహపు ముఖం చర్మానికి ఆనేలా పెట్టి, పైన మెరిసే రేకు బిళ్ల అంటించాను. తీగ లాగకుండా కాస్త వదులుగా ఉంచాను. గంటలోపు చంకలో 36.6! ఆ రాత్రి టీ కూడా రుచిగా అనిపించింది.

"తిప్పిన ప్రతిసారీ ప్రోబ్ చూడమ్మా" అని సీనియర్ దీదీ ఒడియా కలిసిన తెలుగులో ఇప్పటికీ గుర్తు చేస్తుంటారు.

అన్ని వార్మర్లకూ ఇదే మందని చెప్పలేను. బోర్లా పడుకున్న బిడ్డకు ఈ చోటు పనికిరాదు, వీపు వైపు పెడతాం. పాలు తాగక, మందకొడిగా ఉండి చల్లబడుతుంటే మాత్రం ప్రోబ్ సర్దుతూ కూర్చోకుండా వెంటనే డాక్టరును పిలవండి.