కొట్టే కుర్రాడికి బంతి తగలడం మానేస్తే జట్టు ఏం చేయాలి?

మా కోనసీమలో బేస్‌బాల్ అంటే ఇప్పటికీ "క్రికెట్ లాంటిదే కదండీ మాస్టారూ" అనేవాళ్ళే ఎక్కువ. స్కూల్ గేమ్స్‌లో ఆ ఆట ఉంది కాబట్టి మేమూ ఒక జట్టు కట్టాం. అందులో ఒక కుర్రాడు కొడితే బంతి గ్రౌండ్ దాటి, పంట బోదె దాటి కొబ్బరితోటలో పడేది. ఒక సీజన్లో ఉన్నట్టుండి వాడి బ్యాట్‌కి బంతి తగలడం మానేసింది. మొదటి మూడు వారాలు నేను చేసినవన్నీ తప్పులే. ఆ తప్పుల్లోంచి నేర్చుకున్న వరస ఇది.

ముందు ఫామ్ నిజంగా పోయిందా అని చూడండి

బేస్‌బాల్‌లో బంతిని కొట్టి ఔటవకుండా బేస్‌కి చేరితే హిట్. పదిసార్లు బ్యాట్ పట్టి మూడు హిట్లు కొట్టేవాడు మంచి బ్యాటర్. అంటే మిగతా ఏడుసార్లు తలొంచుకుని వెనక్కి రావడం వాడికి మామూలే. అలాంటివాడు మ్యాచ్‌కి నాలుగుసార్లు దిగితే, నాలుగుసార్లూ హిట్ లేకుండా పోయే అవకాశం లెక్క ప్రకారం దాదాపు 24 శాతం. నాలుగు మ్యాచ్‌ల్లో ఒకటి సున్నాయే అన్నమాట. అమెరికా పెద్ద లీగ్‌లో సీజన్‌కి 162 మ్యాచ్‌లు. అన్నిట్లో రెండు మ్యాచ్‌లు వరసగా సున్నా వస్తే అందులో వింతేమీ లేదు. మనమే కంగారుపడిపోతాం.

అందుకని ఒక నోట్‌బుక్ పెట్టి, వాడు బ్యాటింగ్‌కి దిగిన ప్రతిసారీ నాలుగు గళ్ళలో ఏదో ఒకదాంట్లో గీత పెట్టండి. గట్టిగా కొట్టినా నేరుగా ఫీల్డర్ చేతికి పోయింది, ఒకటి. మెత్తగా తగిలింది, రెండు. స్ట్రైక్ జోన్‌లోకి (బ్యాటర్ ముందు, మోకాలి నుంచి ఛాతీ దాకా ఉండే చోటు) వచ్చిన బంతే తప్పిపోయింది, మూడు. జోన్ బయట బంతికి బ్యాట్ ఊపి తప్పాడు, నాలుగు. మొదటి గడి నిండుతుంటే వాడి జాతకం బాలేదంతే, వాడి జోలికి పోకండి. రెండు, మూడు గళ్ళు నిండితే ఊపులోనో, కంట్లోనో, ఒంట్లోనో తేడా ఉంది. నాలుగోది నిండితే వాడి ఆశ ఎక్కడుందో బంతి వేసే పిచ్చర్లు పసిగట్టారు.

నేను నోట్‌బుక్ తెరిచింది మూడో వారంలో. అప్పటిదాకా మోచెయ్యి జారుతోందని వాణ్ణి రోజూ సాధించాను. తీరా లెక్కపెడితే పదకొండు స్ట్రైకౌట్లలో (మూడు బంతులు పోగొట్టుకుని ఔటవడం) ఎనిమిది మోకాలి కిందకి, బయటకి పోయే నెమ్మది బంతులకే. మోచెయ్యి శుభ్రంగానే ఉంది.

సలహాలు ఆపించండి

నన్నడిగితే ఇందులో సగం మందు ఇదే. ఆ మూడు వారాల్లో నేను మోచెయ్యి అన్నాను, కెప్టెన్ కాలు అన్నాడు, పక్క స్కూలు డ్రిల్లు మాస్టారు పట్టు మార్చమన్నారు. పిచ్చర్ నిలబడే చోటికి, బ్యాటర్ ముందుండే ప్లేట్‌కి మధ్య దూరం 18.44 మీటర్లు. గంటకి 150 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి అర సెకను కూడా పట్టదు. మా ఆటల్లో అంత వేగం ఉండదు గానీ, ముగ్గురి పాఠాలు గుర్తు తెచ్చుకుని కొట్టేంత తీరికా ఉండదు.

జట్టంతటినీ కూర్చోబెట్టి చెప్పండి: వీడితో బ్యాటింగ్ గురించి మాట్లాడేది ఒక్కరే. మిగతావాళ్ళు సినిమాలు మాట్లాడండి, పరీక్షలు మాట్లాడండి. కాలువగట్టు మీద కూర్చుని చూసే పెద్దలకి చెప్పడం ఇంకా కష్టం. "తోటలో పడాల్రా అబ్బాయ్" అని ప్రతి బంతికీ అరుస్తారు, ప్రేమగానే. మావాడు కింద పోయే బంతిని కూడా తోటలోకి లేపాలని చూసింది ఆ కేకలకే. వాళ్ళ నాన్నగారు ఒకరోజు వచ్చి "నాలుగు తగిలించండి మాస్టారూ, దార్లోకొస్తాడు" అన్నారు. ఆయనకి టీ ఇప్పించి, రెండు వారాలు గ్రౌండ్ వైపు రావద్దని బతిమాలుకున్నాను.

బ్యాట్ కంటే ముందు నిద్ర సంగతి అడగండి

ఇది మొదటిరోజే అడగాల్సింది. నేను అడిగింది ఇరవై రెండో రోజు.

"ఏరా, రాత్రిళ్ళు ఎన్నింటికి పడుకుంటున్నావు?"

"చెరువు మీదే పడుకుంటున్నానండి. కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి కదండీ, లేచి జనరేటర్ వెయ్యాలి."

వాళ్ళకి రొయ్యల చెరువుంది, ఏరియేటర్లంటే ఆ నీళ్ళకి గాలి అందించే యంత్రాలు. కాపలా మనిషి మానేశాడట. నెలరోజులుగా ఆ మకాంలో వీడే కాపలా. తెల్లవారుజామున కాస్త కునుకు తీసి, నేరుగా ప్రాక్టీసుకి వస్తున్నాడు. వాడి కళ్ళు ఎర్రగా ఉండటం రోజూ చూస్తూనే ఉన్నాను, ఫోన్ చూసి చూసి అనుకున్నాను. మోచెయ్యి గురించి అన్ని మాటలన్నందుకు సిగ్గేసింది. ఆ సాయంత్రమే వాళ్ళింటికి వెళ్తే, మ్యాచ్ ముందు రెండు రాత్రులు వాళ్ళ బాబాయ్ చెరువు మీద పడుకునేలా ఒప్పందం కుదిరింది. కంటి పరీక్ష కూడా చేయించండి. పెద్ద ఖర్చేం కాదు.

ఒక్కటే మార్చండి

నోట్‌బుక్ చూపించిన రంధ్రం ఒకటే అయితే, దాన్ని మాత్రమే పూడ్చండి. 2004 జనవరిలో సిడ్నీలో సచిన్ కవర్ డ్రైవ్ పక్కనపెట్టి 241 నాటౌట్ చేశాడు. అంతకుముందు ఆ షాట్‌కే ఔటవుతున్నాడు. కొత్తగా ఏదీ నేర్చుకోలేదు, ఉన్నదాంట్లో ఒకటి మానేశాడు.

మావాడికి నేను పెట్టింది చూపు అభ్యాసం. బ్యాట్ పట్టుకుని నిలబడతాడు, కానీ ఊపడు. నేను బంతి వేస్తాను. బంతి చేరేలోగా "లోపల" అనో "బయట" అనో పైకి చెప్పాలి. రోజుకి ముప్పై బంతులు. మొదటిరోజు కాళ్ళు అదురుతూనే ఉన్నాయి, కొట్టాలని. ఆ తర్వాత గొట్టం మీద పెట్టిన బంతిని నెమ్మదిగా పిచ్చర్ నెత్తిమీదుగా పోయేలా కొట్టడం. ఆ సామాను కొనక్కర్లేదు. సిమెంట్ పోసిన డబ్బాలో పీవీసీ గొట్టం నిలబెట్టి, పైన సైకిల్ ట్యూబ్ ముక్క తొడిగితే చాలు.

ఊపు మొత్తం మార్చాలంటే మాత్రం సీజన్ అయ్యేదాకా ఆగండి. మన కాలువల్లో పూడిక ఎప్పుడు తీస్తారు? వేసవిలో నీళ్ళు కట్టేశాక. నాట్లప్పుడు ఎవరూ పార పట్టుకుని కాలువలోకి దిగరు. యాంకీస్ జట్టు ఆరోన్ జడ్జ్ 2016లో 84 బ్యాటింగుల్లో 42 సార్లు స్ట్రైకౌటయ్యాడు, సరిగ్గా సగం. సగటు .179, అంటే వెయ్యిసార్లకి 179 హిట్ల లెక్క. ఆ అంకెని ఫోన్‌లో రాసిపెట్టుకుని, ఆటల్లేని నెలల్లో బ్యాటింగ్ సరిచేసుకున్నాడు. 2017లో 52 హోమ్ రన్లు, మన సిక్సర్ల లాంటివి.

ఆడించాలా, కూర్చోబెట్టాలా?

దీనికి ఒకే జవాబు లేదు. 1951లో ఒకే ఊళ్ళో, న్యూయార్క్‌లో, రెండు జట్లు రెండు దారులు పట్టాయి. జెయింట్స్‌కి కొత్తగా వచ్చిన విల్లీ మేస్ మొదటి 26 బ్యాటింగుల్లో కొట్టింది ఒక్కటే హిట్. ఏడుస్తూ, నన్ను వెనక్కి పంపేయమన్నాడు. నేను మేనేజర్‌గా ఉన్నన్నాళ్ళూ ఆ స్థానం నీదేనని లియో డ్యురోషర్ చెప్పాడు. మేస్ ఆ ఏడాది ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. యాంకీస్‌లో పందొమ్మిదేళ్ళ మికీ మాంటిల్ తడబడితే కింది లీగ్‌కి, కాన్సాస్ సిటీకి పంపేశారు. అక్కడా ఆట కుదరక తండ్రికి ఫోన్ చేస్తే, గనిలో పనిచేసే ఆ తండ్రి వచ్చి, గనికే పోదాం పద అంటూ పెట్టె సర్దడం మొదలుపెట్టాడట. మాంటిల్ తేరుకుని ఆగస్టుకల్లా పై జట్టుకి తిరిగొచ్చాడు.

ఈ రెండో కథ మన తండ్రులకి తెగ నచ్చుతుంది. అలా పెట్టె సర్దినప్పుడు నిజంగానే గనికి వెళ్ళిపోయిన కుర్రాళ్ళ కథలు మాత్రం మనదాకా రావు. అందుకే నా ఓటు డ్యురోషర్‌కి. 1973లో ఫిలడెల్ఫియా జట్టు మైక్ ష్మిట్‌ని .196 సగటుతోనే 132 మ్యాచ్‌లు ఆడించింది. మరుసటి ఏడాది 36 హోమ్ రన్లతో వాడే లీగ్‌లో మొదటివాడు.

బ్యాటింగ్ ఆర్డర్‌లో కిందికి దించడంలో తప్పులేదు. మావాణ్ణి నాలుగు నుంచి ఏడుకి దించాను. కానీ గోడమీద కాగితంలో చూసుకునే పరిస్థితి రానీయకండి. ముందురోజే పక్కకి పిలిచి, ఎందుకో, ఎన్ని మ్యాచ్‌లకో చెప్పండి. రెండు మ్యాచ్‌లు కూర్చోబెట్టినా అంతే, తిరిగి దిగే తేదీ వాడికి తెలియాలి.

కోలుకున్నాడని ఎలా తెలుస్తుంది?

హిట్లు చూడకండి, నాలుగో గడి చూడండి. నిద్ర కుదిరిన రెండో వారంలో ఒక మ్యాచ్‌లో మావాడికి అవే కింద బంతులు వరసగా పడ్డాయి. ఒకటి వదిలాడు. రెండోదీ వదిలాడు. నాలుగు బంతులు జోన్ బయటే పడటంతో ఉత్తినే మొదటి బేస్‌కి నడిచాడు. గట్టు మీద పెద్దలు "ఇదేం ఆటండీ, కొట్టకుండా నడవడం" అని సణిగారు. నాకైతే తోటలో పడ్డ బంతులన్నిటికంటే అదే బాగుంది. ఆ పేజీలో నాలుగో గడి ఖాళీ. హిట్ ఆ తర్వాతి మ్యాచ్‌లో వచ్చింది, నోట్‌బుక్ ఇంకో రెండు వారాలు రాశాను.