లంచ్ తర్వాత బిగుసుకుపోయే కనెక్షన్
మా అప్లికేషన్ విండోస్ సర్వర్‌లో, ఒరాకిల్ డేటాబేస్ వేరే ఊళ్లో లినక్స్ మీద. పొద్దున బాగానే నడిచేది. లంచ్ చేసొచ్చి మొదటి బిల్లు తెరిస్తే చాలు, స్క్రీన్ బిగుసుకుపోయేది. వారం రోజులు క్వెరీలనే (డేటాబేస్‌ని సమాచారం అడిగే ఆదేశాలు) అనుమానించా, అనవసరంగా.

అసలు దొంగ మధ్యలోని ఫైర్‌వాల్, అంటే నెట్‌వర్క్ కాపలాదారు. గంటసేపు ఉలుకూ పలుకూ లేని కనెక్షన్‌ని చెప్పాపెట్టకుండా తెంపేస్తోంది. రెండు చివర్లకీ ఆ సంగతే తెలీదు. కనెక్షన్ బతికుందా అని అడిగే లినక్స్ కీప్‌అలైవ్ మామూలుగా 7200 సెకన్లకి గానీ పలకరించదు. అప్పటికే ఆలస్యం. డేటాబేస్ సర్వర్‌లో ఎస్‌క్యూఎల్‌నెట్ డాట్ ఓఆర్ఏ అనే ఒరాకిల్ నెట్‌వర్క్ సెట్టింగుల ఫైల్ తెరిచి ఎక్స్‌పైర్ టైమ్ 10 అని పెట్టా, అంటే పది నిమిషాలకోసారి పలకరింపు. అప్లికేషన్ రీస్టార్ట్ చేశాక మళ్లీ ఆగలేదు.

పనిలో పనిగా నెలాఖరు రిపోర్టు కూడా చూశా. ఒరాకిల్ జేడీబీసీ డ్రైవర్ (జావా ప్రోగ్రామ్‌ని డేటాబేస్‌కి కలిపేది) మనం చెప్పకపోతే విడతకి 10 వరసలే తెస్తుంది. రెండు లక్షల వరసలకి 20,000 ట్రిప్పులు! ట్రిప్పుకి 8 మిల్లీసెకన్లు, దారిఖర్చే 160 సెకన్లు. ఫెచ్ సైజ్ (విడతకి తెచ్చే వరసల సంఖ్య) 500 చేస్తే 400 ట్రిప్పులు, మూడు సెకన్ల పైచిలుకు. ఆశకొద్దీ 5000 పెట్టి చూశా. మెమరీ పెరిగింది తప్ప వేగం పెద్దగా మారలేదు. మళ్లీ 500కే తెచ్చేశా.