చిన్న సంస్థకి ఏయే ప్లాన్లు కావాలి, ఎలా రాసుకోవాలి?

మేనేజ్‌మెంట్ పుస్తకం తెరిస్తే వ్యూహాత్మక ప్రణాళిక, కార్యాచరణ ప్రణాళిక, స్థిర ప్రణాళిక అంటూ పెద్ద జాబితా ఉంటుంది, చదివాక ఏది ఏదో గుర్తుండదు. పదిమంది డ్వాక్రా మహిళలు కలిసి పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నారనుకోండి. వాళ్ల పనితో పోల్చి చూస్తే ఇవన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

1. ముందు దూరం చూడండి. మూడేళ్లకి ఎక్కడ ఉండాలి? చుట్టుపక్కల సంతలు సరిపోతాయా, హైదరాబాద్ దుకాణాలకి కూడా పంపాలా? వ్యూహాత్మక ప్రణాళిక అంటే ఇదే. ఒక్క పేజీ చాలు. ఏం చేయమో కూడా అందులోనే రాయండి, "నాన్‌వెజ్ పచ్చళ్ల జోలికి పోము" అని ఒక్క ముక్క ఉంటే తర్వాత చాలా గొడవలు తప్పుతాయి.

2. దాన్ని ఏడాది లెక్కలోకి దించండి. అసలు కష్టమంతా ఇక్కడే. గుంటూరు యార్డుకి కొత్త మిర్చి ఫిబ్రవరి నుంచి జోరుగా వస్తుంది, మేలో సాధారణంగా యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు, సరిగ్గా అప్పుడే ఆవకాయ పనులు ముమ్మరంగా ఉంటాయి. అంటే మామిడికాయ కొనేలోపే మిర్చి కొని కారం పట్టించి ఉండాలి, ఆ డబ్బు కోసం బ్యాంకు లోను సంగతి జనవరిలోనే చూసుకోవాలి. ఇలా సీజన్ నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి, ప్రతి పనికీ నెల, ఖర్చు, బాధ్యత తీసుకునే మనిషి పేరు రాయండి.

3. రోజువారీ పని కాగితం గోడకి అంటించండి. కాయలు తుడిచేదెవరు, ముక్కలు కొట్టించేదెవరు, మూడో రోజు తిరగకలిపేదెవరు. కార్యాచరణ ప్రణాళిక అంటే ఇంతే.

4. ఇప్పుడు ప్రతిదానికీ ఒక ప్రశ్న వేయండి: ఇది ఒక్కసారికేనా, ఎప్పటికీ పనికొస్తుందా? డ్వాక్రా గ్రూపుల సరుకులు అమ్మే సరస్ మేళాలో స్టాల్ పెట్టడానికి వేసిన బడ్జెట్ మేళా ముగిస్తే అయిపోయినట్టే. తడి చెయ్యి జాడీలో పెట్టకూడదు, పాడైన సీసా వాపసు తీసుకోవాలి, అరువు ఎవరికి ఎన్ని రోజులు ఇవ్వాలి లాంటివి మాత్రం ఎప్పుడూ ఉండే నియమాలు, స్థిర ప్రణాళికలంటే ఇవే. వీటినే జనం వదిలేస్తారు. నేను లెక్కలు చూసిన ఒక గ్రూపులో ఐదేళ్ల ప్లాన్ చక్కగా టైపు చేసి ఉంది, అరువు గురించి మాత్రం ఒక్క లైను లేదు. తెలిసినవాళ్లందరికీ ఇచ్చుకుంటూ పోయి, మరుసటి ఏడాది కాయలకి వడ్డీకి తెచ్చుకున్నారు.

5. గాలివాన ప్లాన్ రాయండి. నేను పెట్టుకున్న పేరులెండి, పుస్తకాల్లో ప్రత్యామ్నాయ ప్రణాళిక అంటారు. ఏప్రిల్, మేలో ఒక్క గాలివాన చాలు, కాయ నేలరాలి దెబ్బ తింటుంది, మంచి కాయ రేటు పెరుగుతుంది. "అప్పుడు చూద్దాంలే" అనుకుంటే టెన్షన్‌లో తప్పుడు నిర్ణయాలే వస్తాయి. అంకె వేసి రాయండి: కాయ ధర మన అంచనాకి ఒకటిన్నర రెట్లు దాటితే ఆవకాయ సగమే పెడతాం, మిగిలిన డబ్బు చలికాలం ఉసిరికాయకి దాస్తాం.

6. జూన్ ఆఖర్లో ఏడాది కాగితం, గోడ కాగితం పక్కపక్కన పెట్టి అందరూ కూర్చోండి. తేడా వచ్చిన చోటల్లా కారణం పెన్సిల్‌తో అక్కడే రాసెయ్యండి, జనవరిలో లోను అడిగేముందు మళ్లీ తీయాల్సింది ఆ కాగితాలనే.