బోరు నీళ్ల తంటాలు: లక్షణం చూసి అయాన్‌ను పట్టుకోవడం

బోరు నీళ్లతో విసిగిపోయిన ఇంట్లో మొదట కొనేది టీడీఎస్ మీటరు. అది 900 చూపిస్తే కంగారు, 300 చూపిస్తే నిబ్బరం. రెండూ తొందరపాటే. నీళ్లు కరెంటును ఎంత మోస్తున్నాయో కొలిచి, దాన్నిబట్టి అందులో కరిగిన అయాన్లు, అంటే ప్లస్ లేదా మైనస్ విద్యుదావేశం ఉన్న కణాలు, మొత్తం ఎంత ఉండొచ్చో మీటరు అంచనా కడుతుంది. అవి ఏ అయాన్లో చెప్పదు. సబ్బు నురగ రాకపోవడానికి, బకెట్ ఎర్రబడటానికి, పళ్లు గారపట్టడానికి కారణాలు వేర్వేరు అయాన్లు. ఒకదానికి చేసే వైద్యం ఇంకోదానికి పనికిరాదు.

మీటరు సంగతి తేల్చుకోవాలంటే ఒక గ్లాసు ఆర్‌ఓ నీళ్లలో చెంచా పంచదార కలిపి చూడండి. అంకె దాదాపు కదలదు. ఇంకో గ్లాసులో చిటికెడు ఉప్పు వేయండి, ఒక్కసారిగా పైకి పోతుంది. ఉప్పు తయారైనప్పుడు సోడియం పరమాణువు తన చివరి కక్ష్యలో ఉన్న ఒకే ఒక్క ఎలక్ట్రాన్‌ను క్లోరిన్‌కి ఇచ్చేసి ప్లస్ అయాన్ అయింది, తీసుకున్న క్లోరిన్ మైనస్ అయాన్ అయింది. ప్లస్‌కు, మైనస్‌కు మధ్య ఉండే ఆకర్షణే అయానిక బంధం. నీళ్లలో పడగానే రెండూ విడిపోయి తిరుగుతాయి, కరెంటు మోస్తాయి. పంచదారలో పరమాణువులు ఎలక్ట్రాన్లను ఇచ్చిపుచ్చుకోవు, పంచుకుంటాయి. ఆ సమయోజనీయ బంధాలు నీళ్లలో తెగవు. అణువు అణువుగానే కరుగుతుంది కాబట్టి మీటరుకు కనబడదు.

ఏదైనా కొనేముందు ఇంట్లోనే మూడు పరీక్షలు చేయండి. సీసాలో సగం నీళ్లు పోసి, కాస్త సబ్బు తురుము వేసి గట్టిగా కుదిపితే నురగ నిలుస్తుందా? స్టీలు గిన్నెలో పది నిమిషాలు మరగనిచ్చి చల్లారిస్తే అడుగున తెల్లగా తేరుతుందా? అప్పుడే తోడిన నీళ్లను తెల్ల బకెట్లో రాత్రంతా ఉంచితే రంగు మారుతుందా? సబ్బు పరీక్షకు డిటర్జెంట్ పౌడరు, షాంపూ వాడొద్దు. అవి గట్టి నీళ్లలోనూ, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలోనూ, నురగ ఇస్తాయి.

సమస్య: ఎంత రుద్దినా నురగ రాదు, బకెట్ అంచున తెల్ల జిడ్డు

కారణం కాల్షియం, దాని తోడు మెగ్నీషియం. కాల్షియం పరమాణు సంఖ్య 20, ఎలక్ట్రాన్ల అమరిక 2, 8, 8, 2. చివరి రెండింటినీ వదిలేస్తే నిలకడ వస్తుంది, అందుకే అది నీళ్లలో రెండు ప్లస్ ఆవేశాలతో ఉంటుంది. సబ్బు అంటే ముఖ్యంగా సోడియం స్టియరేట్ లాంటి లవణం. స్టియరేట్‌కు ఒక మైనస్. ఒక్కో కాల్షియం అయాన్ రెండేసి స్టియరేట్లను పట్టుకుని నీళ్లలో కరగని కాల్షియం స్టియరేట్‌గా మారుతుంది. ఆ తెల్ల జిడ్డు అదే. నీళ్లలోని కాల్షియం అంతా ఇలా సబ్బు తిన్న తర్వాతే నురగ మొదలవుతుంది.

ఎంత తింటుందో లెక్క వేద్దాం. గట్టితనాన్ని కాల్షియం కార్బొనేట్ లెక్కన చెబుతారు. లీటరుకు 500 మిల్లీగ్రాములైతే 20 లీటర్ల బకెట్లో 10 గ్రాములు. 100 గ్రాముల కాల్షియం కార్బొనేట్‌కు సరిపడా కాల్షియం 612 గ్రాముల సోడియం స్టియరేట్‌ను కాజేస్తుంది. మన 10 గ్రాములకు 61 గ్రాములు. ఒక బకెట్ నీళ్లకు సగం సబ్బు బిళ్ల నురగ రాకముందే జిడ్డైపోతుందన్నమాట. సబ్బు కంపెనీ మార్చి ప్రయోజనం లేదు.

పరిష్కారం బట్టల వరకైతే చౌకే. వాషింగ్ సోడా అంటే సోడియం కార్బొనేట్. కార్బొనేట్‌కు రెండు మైనస్‌లు, కాల్షియానికి రెండు ప్లస్‌లు, ఒకటికి ఒకటి సరిపోయి కాల్షియం కార్బొనేట్ అవక్షేపంగా అడుగుకు దిగుతుంది. ఇందాకటి బకెట్‌కు పొడి సోడా సుమారు 11 గ్రాములు, స్ఫటికాల రూపంలో ఉన్నదైతే అందులో నీటి అణువుల బరువు కూడా ఉంటుంది కాబట్టి 29 గ్రాముల దాకా పడుతుంది. ముందు సోడా కలిపి, అరగంట ఆగి, తేరిన నీళ్లలో సబ్బు వాడండి. రెండూ ఒకేసారి వేస్తే కాల్షియం ముందు సబ్బు మీద పడుతుంది. పట్టుచీరలకు, ఉన్నికి మాత్రం సోడా వద్దు, ఆ క్షారానికి పోగు దెబ్బతింటుంది.

సమస్య: సాఫ్ట్‌నర్ పెట్టించినా టీడీఎస్ తగ్గలేదు, మోసపోయామా?

కాదు. తగ్గదు. సాఫ్ట్‌నర్ అంటే గట్టి నీళ్లను మెత్తబరిచే పరికరం. దాని లోపలి రెసిన్ పూసల్లో సోడియం అయాన్లు కూర్చుని ఉంటాయి. కాల్షియం అయాన్ వచ్చిందంటే, బస్సులో ఇద్దరిని లేపి ఒక్కడే కాళ్లు చాపుకు కూర్చున్నట్టు, రెండు సోడియంలను దింపి ఆ చోటు తీసుకుంటుంది. 40 గ్రాముల కాల్షియం దిగిపోయిన చోట 46 గ్రాముల సోడియం నీళ్లలో చేరుతుంది. నీళ్లలో కరిగిన బరువు పెరిగిందే తప్ప తగ్గలేదు. సాఫ్ట్‌నర్ పనిచేస్తోందో లేదో సబ్బు సీసాతో చూడాలి, మీటరుతో కాదు.

మొదట్లో బాగా పనిచేసి తర్వాత మళ్లీ నురగ ఆగిపోతే పూసలు కాల్షియంతో నిండిపోయాయని అర్థం. చిక్కటి ఉప్పునీళ్లు పోస్తే లెక్కకు మించిన సోడియం వచ్చిపడి కాల్షియాన్ని వెళ్లగొడుతుంది. ఆ కడిగిన నీళ్లు మొక్కలకు పోయకండి. ఉప్పు అయిపోకుండానే నురగ ఆగితే ఇనుము పేరుకుని పూసలు మూసుకుపోయాయేమో చూడండి. బీపీ ఉన్నవాళ్లు సోడియం చేరిన సాఫ్ట్‌నర్ నీళ్లు తాగేముందు డాక్టరును అడగడం మంచిది.

పైపు చుట్టూ అయస్కాంతం బిగిస్తే గట్టితనం పోతుందని అమ్మేవాళ్లున్నారు. కాల్షియం అయాన్ అయస్కాంతానికి అంటుకునేది కాదు, బిగించిన తర్వాతా నీళ్లలోనే ఉంటుంది. సీసా పరీక్షలో తేడా చూపించమని అడగండి, అప్పుడు డబ్బు సంగతి. పటిక కూడా అంతే. వరద నీళ్లలోని సన్నటి బురద రేణువులకు మైనస్ ఆవేశం ఉంటుంది, పటికలోని మూడు ప్లస్‌ల అల్యూమినియం వాటిని చేరదీసి అడుగుకు దించుతుంది. బురదకు అది బ్రహ్మాండం. గట్టితనం జోలికి పోదు.

సమస్య: గీజర్ నీళ్లు కాగడం లేదు, ఎలిమెంట్ తరచూ కాలిపోతోంది

వాన నీరు నేలలోకి దిగుతూ కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని బలహీనమైన ఆమ్లం అవుతుంది. అది సున్నపురాయిని కరిగించి కాల్షియం బైకార్బొనేట్‌గా మోసుకొస్తుంది. వేడి తగిలితే ఈ చర్య వెనక్కి నడుస్తుంది:

కాల్షియం బైకార్బొనేట్ → కాల్షియం కార్బొనేట్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

మరిగించే పరీక్షలో అడుగున తేరింది ఇదే. ఎలిమెంట్ చుట్టూ అదే పెచ్చు కడుతుంది. పెచ్చు వేడిని సరిగ్గా దాటనివ్వదు, లోపల లోహం మితిమీరి కాగి మాడిపోతుంది. మరిగించినా ఏమీ తేరకుండా, సబ్బు మాత్రం నురగ రాకపోతే మీ గట్టితనం సల్ఫేట్, క్లోరైడ్ లవణాలది. దానికి మరిగించడం వల్ల లాభం లేదు.

కెటిల్, కుళాయి చిల్లుల మూతి, షవర్ వరకైతే నిమ్మ ఉప్పు చాలు. సిట్రిక్ ఆమ్లం కాల్షియం కార్బొనేట్‌తో కలిసి బుసబుస పొంగుతుంది, పైకొచ్చేది కార్బన్ డయాక్సైడ్. పొంగు ఆగేదాకా నానబెట్టి కడిగేయండి. గీజర్‌ను మాత్రం మెకానిక్ చేత విప్పించండి, మెగ్నీషియం రాడ్ కూడా చూడమనండి. మెగ్నీషియం ఇనుము కంటే సులువుగా ఎలక్ట్రాన్లు వదులుకుంటుంది కాబట్టి ట్యాంకుకు బదులు తనే అరిగిపోతుంది. రాడ్ అయిపోయాక అరిగేది ట్యాంకే. థర్మోస్టాట్ తగ్గించి పెట్టుకుంటే పెచ్చు కట్టడం కూడా నెమ్మదిస్తుంది.

సమస్య: యాసిడ్ పోసి కడిగాక బండలు గరుకెక్కాయి

తాండూరు బండ, కడప బండ రెండూ సున్నపురాయి జాతివే. పాలరాయీ కాల్షియం కార్బొనేటే. తెల్ల మరకను తినే ఆమ్లం కింద ఉన్న బండను కూడా తింటుంది, రెండూ ఒకే పదార్థం మరి. పొంగు చూసి మురికి వదులుతోందని సంతోషపడతాం, పొంగుతున్నది బండే. గ్రానైట్‌కు ఈ బాధ తక్కువ. బండల మీద ఆమ్లం వద్దు. కొత్త మరకైతే తడిగుడ్డ, పాతదైతే పాలిష్. యాసిడ్ స్టీలు కుళాయిలకూ చేటే, క్లోరైడ్ వాటి మీద చిన్న చిన్న గుంటలు పెడుతుంది.

ఒక హెచ్చరిక. బాత్‌రూమ్ యాసిడ్‌ను బ్లీచింగ్ పౌడర్‌తో గానీ, బ్లీచ్ ద్రావణంతో గానీ ఎప్పుడూ కలపొద్దు, ఒకదాని తర్వాత ఒకటి వెంటనే పోయొద్దు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. అదే క్లోరిన్ ఉప్పులో ఎలక్ట్రాన్ తీసుకుని కుదురుగా ఉంది, ఇక్కడ వాయువుగా బయటపడి ఊపిరితిత్తులను కాలుస్తుంది. పొరపాటున కలిస్తే ముక్కు మూసుకుని కడగడానికి దిగకండి, బయటికొచ్చేయండి. ఆయాసమో, ఆగని దగ్గో ఉంటే ఆసుపత్రికి వెళ్లండి.

సమస్య: తోడినప్పుడు తేటగా ఉన్న నీళ్లు తెల్లారేసరికి ఎర్రబడ్డాయి

ఇది ఇనుము. భూమి లోపల గాలి తగలని చోట ఇనుము రెండు ప్లస్‌ల అయాన్‌గా కరిగి ఉంటుంది, నీటికి రంగు తెలియదు. బయటికొచ్చాక ఆక్సిజన్ ఇంకో ఎలక్ట్రాన్ లాగేసుకుంటుంది. మూడు ప్లస్‌ల ఇనుము కరగని గోధుమరంగు హైడ్రాక్సైడ్‌గా తేలుతుంది. తోడగానే ఎర్రగా వస్తే మాత్రం పైపు తుప్పును అనుమానించాలి.

ఎర్ర మరకపడ్డ తెల్ల చొక్కాను బ్లీచ్‌లో వేయడం అందరూ చేసే పని, అదే మరకను స్థిరపరుస్తుంది. బ్లీచ్ పని కూడా ఎలక్ట్రాన్లు లాగడమే, మిగిలిన ఇనుమునూ తుప్పురంగుకు తెస్తుంది. నిమ్మరసం రాసి ఎండలో ఉంచి ఉతకండి, సిట్రేట్ ఇనుమును చుట్టుకుని కరిగేలా చేస్తుంది. నీళ్లకు మందు గాలే. ట్యాంకులోకి షవర్‌లా చిలకరిస్తూ పడేలా పైపు మార్చి, తేరనిచ్చి, ఇసుక ఫిల్టర్ గుండా పంపితే చాలావరకు వదులుతుంది. ఇనుమున్న నీళ్లను నేరుగా సాఫ్ట్‌నర్‌లోకి పంపకండి.

సమస్య: కందిపప్పు ఎన్ని విజిల్స్ వచ్చినా పలుకు పలుకుగానే ఉంటోంది

పప్పు గింజలో కణాలను అంటించి ఉంచే పెక్టిన్‌కు మైనస్ ఆవేశాలుంటాయి. రెండు ప్లస్‌ల కాల్షియం రెండు పెక్టిన్ గొలుసులను కలిపి కుట్టేస్తుంది. నానబెట్టడం, ఉడికించడం రెండూ ఆర్‌ఓ నీళ్లతోనో, మరిగించి తేర్చిన నీళ్లతోనో చేయండి. చింతపండు పప్పు మెత్తబడ్డాకే. వంటసోడా చిటికెడు దాటితే రుచి పోతుంది.

సమస్య ఏమీ లేదు, నీళ్లు తేటగా, తియ్యగా, నురగ బాగా వస్తోంది

నన్ను అడిగితే అన్నిటికంటే ముందు పరీక్ష చేయించాల్సింది ఈ నీళ్లకే. ఫ్లోరిన్ అమరిక 2, 7. ఒక్క ఎలక్ట్రాన్ దొరికితే ఫ్లోరైడ్ అయాన్. దానికి రంగు, వాసన లేవు. కాల్షియం ఎక్కువున్న చోట కాల్షియం ఫ్లోరైడ్ సరిగా కరగదు కాబట్టి ఫ్లోరైడ్‌కు కొంత కళ్లెం పడుతుంది. కాల్షియం తక్కువగా, సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్న మెత్తటి నీళ్లలో ఆ కళ్లెం ఉండదు. గట్టి నీళ్లలో ఫ్లోరైడ్ ఉండదని మాత్రం అనుకోవద్దు. ఫ్లోరైడ్ మితిమీరితే వచ్చే జబ్బు ఫ్లోరోసిస్. నెల్లూరు ప్రాంతంలో దాన్ని 1937లోనే గుర్తించారు. నల్గొండ సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

పంటి ఎనామిల్‌లోని హైడ్రాక్సైడ్ అయాన్‌కు, ఫ్లోరైడ్‌కు ఆవేశం ఒకటే, పరిమాణమూ దగ్గరే. అందుకే అది ఆ చోటులో దూరిపోతుంది. కొద్దిగా అయితే పన్ను గట్టిపడుతుంది, మితిమీరితే మచ్చలు, తర్వాత ఎముకలకు చేటు. తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. మరిగించడం దీనికి విరుగుడు కాదు, నీరు ఆవిరై ఫ్లోరైడ్ ఇంకా చిక్కబడుతుంది. ఆర్‌ఓ, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్, లేదా నది నీళ్ల కుళాయి దారులు. నాగ్‌పూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన నల్గొండ పద్ధతిలో పటిక, సున్నం కలిపితే ఏర్పడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ మడ్డి ఫ్లోరైడ్‌ను పట్టుకుని దిగుతుంది. మోతాదు నీటిని బట్టి లెక్కకట్టాల్సింది, ఇంట్లో ఉజ్జాయింపుగా వేసేది కాదు.

ల్యాబ్‌కు ఇచ్చేటప్పుడు బోరు ఐదు నిమిషాలు నడిచాక, అదే నీళ్లతో మూడుసార్లు తొలిచిన ప్లాస్టిక్ సీసాలో, అంచుదాకా నింపి ఇవ్వండి. టీడీఎస్ ఒక్కటే రాయించుకుని రాకండి. మొత్తం గట్టితనం, కాల్షియం, ఇనుము, క్లోరైడ్, నైట్రేట్, ఫ్లోరైడ్ అడగండి. ఎండాకాలం చివర ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి చేయిస్తే రెండు కాగితాలూ ఒకేలా ఉండకపోవచ్చు, సాఫ్ట్‌నర్‌కు ఉప్పు ఎంత పోయాలో వాటినిబట్టి తేల్చుకోవచ్చు.