కొత్త డ్రైవర్ లోడ్ చేసే ముందు

2008లో లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 2.6.27 తుది విడుదలకు ముందు వచ్చిన పరీక్షా కూర్పులు నడిపినవారిలో కొందరి ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు పనికిరాకుండా పోయాయి. కార్డు తన వివరాలు దాచుకునే శాశ్వత మెమరీయే చెడిపోయింది. అనుమానమంతా ఆ కార్డులను నడిపే ఈ1000ఈ డ్రైవర్ మీదికి పోయింది. అసలు దోషి ఎఫ్‌ట్రేస్, అంటే కెర్నెల్‌లో ఏ ఫంక్షన్ ఎప్పుడు నడిచిందో గమనించే సాధనం. ఖాళీ అయిపోయిన చిరునామాలో ఇంకా కోడ్ ఉందనుకుని అది రాసింది. అప్పటికే ఆ చిరునామా కార్డు చేతికి వెళ్లింది.

అందుకే, కూలితే రీబూట్ చేసుకోవచ్చులే అనే ధీమా హార్డ్‌వేర్ దగ్గర పనికిరాదు. పరీక్షకు వేరే యంత్రం ఉండాలి. పోతే బాధపడాల్సిన ఫైలు అందులో ఒక్కటీ ఉండకూడదు. నెట్‌వర్క్ కార్డైతే ఈథ్‌టూల్ కమాండ్‌తో దాని ఈప్రామ్ (ఆ శాశ్వత మెమరీ) నకలు ముందే తీసి మరోచోట దాచండి. బూట్ మెనూలో పాత కెర్నెల్ ఉంచండి. కొత్త డ్రైవర్ మాడ్యూల్ దానంతటది లోడ్ కాకుండా బ్లాక్‌లిస్ట్‌లో పెట్టండి. లేకపోతే ప్రతి బూట్‌లోనూ అక్కడే కూలుతుంది.

ఇక కూలిన కెర్నెల్ మరణ వాంగ్మూలం. దాన్ని నమోదు చేసే ఏర్పాటు ముందే ఉండాలి. కేడంప్ అంటే, కూలగానే రెండో కెర్నెల్ లేచి మెమరీ నకలు (డంప్) తీసే ఏర్పాటు. దాని కోసం క్రాష్‌కెర్నెల్ పారామీటర్‌తో మెమరీ కేటాయించండి. కేటాయించి ఊరుకోవద్దు, డిస్కు సింక్ చేసి, కెర్నెల్‌కు నేరుగా ఆదేశాలిచ్చే సిస్‌ఆర్‌క్యూ ట్రిగ్గర్ ఫైల్‌లో 'సి' అక్షరం రాసి కావాలనే ఒకసారి కూల్చి చూడండి. డంప్ ఫైలు కళ్లారా కనబడ్డాకే అసలు పని. అయినా దాన్నొక్కదాన్నే నమ్ముకోవద్దు. పరికరం ఇంకా డీఎంఏ (సీపీయూ ప్రమేయం లేకుండా నేరుగా మెమరీలో చదవడం, రాయడం) చేస్తూనే ఉంటే రెండో కెర్నెల్ కూడా తడబడవచ్చు. సీరియల్ కేబుల్ వేసి, 115200 బాడ్ వేగంతో పక్క యంత్రంలో లాగ్ పట్టండి. పరీక్షించేది నెట్‌వర్క్ డ్రైవరే అయితే ఆ కార్డు మీద నెట్‌కన్సోల్ (లాగ్‌ను నెట్‌వర్క్ మీదుగా పంపేది) పెట్టుకోవడంలో అర్థం లేదు. ఊప్స్ (కెర్నెల్ తనలో తప్పు జరిగిందని లాగ్‌లో రాసే సందేశం) రాగానే ప్యానిక్ అయ్యేలా, అంటే అక్కడే ఆగిపోయేలా కూడా అమర్చండి. దెబ్బతిన్న కెర్నెల్ నడుస్తూ పోతే డిస్కు మీది డేటాకు ముప్పు.

కూలిన కెర్నెల్‌కు సరిపోయే వీఎంలినక్స్ ఫైలును (డంప్ చదవడానికి కావాల్సిన కెర్నెల్ బైనరీ), డీబగ్ సమాచారంతో సహా, ప్రతి బిల్డ్‌కూ విడిగా భద్రపరచండి. నేనొకసారి చక్కటి డంప్ చేతికొచ్చాక చూసుకుంటే, దాని వీఎంలినక్స్ మీద కొత్త బిల్డ్ కూర్చుంది. నెలకోసారి మాత్రమే వచ్చే క్రాష్ అది. మళ్లీ వచ్చేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది.

లాగ్‌లో మొదటి ఊప్స్‌నే చదవండి. తర్వాతివి చాలాసార్లు దాని పర్యవసానాలే. శూన్య పాయింటర్ అని చెప్పి చిరునామా చివర 18 కనబడితే, అది హెక్సా అంకె, దశాంశంలో 24. పాయింటర్ శూన్యం, చదవబోయిన ఫీల్డ్ ఆ స్ట్రక్చర్ మొదలు నుంచి 24 బైట్ల దూరంలో ఉందని సాధారణంగా అర్థం. అదే రిజిస్టర్లలో 6బి6బి6బి6బి వరుసగా కనబడితే, విడుదల చేసేసిన మెమరీని ఎవరో ఇంకా వాడుతున్నారు. స్లబ్ పాయిజనింగ్ (విడుదలైన మెమరీని గుర్తు బైట్లతో నింపడం) ఆన్‌లో ఉంటేనే ఈ గుర్తు పడుతుంది. పరీక్షా కెర్నెల్‌లో కసాన్ (మెమరీ తప్పులు పట్టేది), లాక్‌డెప్ (లాక్‌ల తప్పులు పట్టేది), డీఎంఏ డీబగ్ కూడా ఉండాలి. వేగం బాగా తగ్గుతుంది, తగ్గనివ్వండి.

నేను ఎక్కువగా భయపడేది మాత్రం పరికరం ఊడిపోయే క్షణానికి. పీసీఐఈ కార్డు ఉన్నట్టుండి మాయమైతే దాని రిజిస్టర్లు చదివినప్పుడు అన్నీ ఒకట్లే వస్తాయి. 'బిజీ బిట్ సున్నా అయ్యేదాకా ఆగు' అని రాసిన లూప్ ఇక ఎన్నటికీ ఆగదు. ప్రతి నిరీక్షణకూ గడువు పెట్టండి. డ్రైవర్ తొలగింపులో ముందు పరికరం ఇంటరప్ట్ (సీపీయూను పిలిచే సంకేతం) పంపకుండా ఆపాలి, తర్వాత ఫ్రీఐఆర్‌క్యూతో దాని హ్యాండ్లర్‌ను తీసేయాలి, ఆపై టైమర్లు, వర్క్‌క్యూలు (తర్వాత చేయాల్సిన పనుల వరుసలు) పూర్తిగా ఆగాలి, మెమరీ విడుదల అన్నిటికన్నా చివర. డెవ్ఎం పద్ధతిలో (విడుదల బాధ్యత కెర్నెల్‌కే వదిలి) తీసుకున్న ఇంటరప్ట్ రిమూవ్ ఫంక్షన్ ముగిశాకే విడుదలవుతుంది. ఆ లోపల మీరు చేత్తో బఫర్ విడుదల చేసి ఉంటే, మధ్యలో వచ్చే ఒక్క ఇంటరప్ట్ చాలు, కూలడానికి. డీబగ్ ఎస్‌హెచ్‌ఐఆర్‌క్యూ అనే కెర్నెల్ ఎంపికను ఆన్ చేస్తే, పంచుకునే ఇంటరప్ట్‌ను విడుదల చేసే వేళ హ్యాండ్లర్‌ను కెర్నెల్ కావాలనే ఒకసారి పిలుస్తుంది. తప్పు మీ బల్ల మీదే బయటపడుతుంది.

పరికరం ఖాళీగా ఉన్నప్పుడు కాదు, డేటా జోరుగా పారుతున్నప్పుడు ఊడదీయండి. ముందు సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ పరికరాలను ఫైళ్లుగా చూపే చోటు)లో డ్రైవర్‌ను పరికరం నుంచి విడదీసి (అన్‌బైండ్), మళ్లీ కలిపి (బైండ్), అది వందసార్లు నిలిచాకే చేత్తో లాగండి. హాట్‌ప్లగ్ (నడుస్తుండగానే కార్డు తీసే సౌకర్యం) లేని స్లాటులోని కార్డును మాత్రం కరెంటు ఉండగా ఎప్పుడూ ముట్టుకోవద్దు.