లాటిన్ అచ్చుల ప్రయాణం – 4వ పాఠం: గురువు వేరు, దీర్ఘం వేరు

గత పాఠం చివర ఇచ్చిన అభ్యాసానికి వచ్చిన జవాబులు చదివాక, ఈసారి ఫ్రెంచి అచ్చుల్లోకి వెళ్లాలన్న ఆలోచన మానుకున్నాను. నేల అనే అర్థమున్న లాటిన్ మాట 'తెర్ర' స్పానిష్‌లో ఏమవుతుందని అడిగితే, చాలామంది మార్పేమీ ఉండదని రాశారు. వారు చూపిన కారణం ఇది: తె తరవాత ద్విత్వాక్షరం ఉంది కనుక తె గురువు, గురువు కనుక దీర్ఘం, దీర్ఘమైన ఏ స్పానిష్‌లో మామూలు ఎ అవుతుంది. ఛందస్సు బాగా వచ్చినవారే ఇలా పొరబడ్డారు కాబట్టి, ఈ పాఠాన్ని ఈ ఒక్క చిక్కు విప్పడానికే కేటాయిస్తున్నాను.

పది అచ్చులు ఏడుగా కుదించుకున్న తీరు మళ్లీ వివరించను. లాటిన్ ఎ నోరు బాగా తెరిచి పలికే వివృత ఎ అయిందనీ, ఏ, ఇ రెండూ కలిసి సంవృత ఎ అయ్యాయనీ, ఒ, ఓ, ఉ విషయంలోనూ ఇదే జరిగిందనీ గుర్తుంటే చాలు. వివృత సంవృతాల తేడా మన నోటిలోనూ ఉంది: 'మేడ' అన్నప్పటి ఏ కంటే 'మేడి' అన్నప్పటి ఏ కాస్త మూసుకుని పలుకుతుంది.

'అమ్మ'లో మొదటి అక్షరం గురువు, కానీ దానిలోని అచ్చు హ్రస్వమే. మ్మ వచ్చి చేరినంత మాత్రాన అ కాస్తా ఆ కాదు. లాటిన్‌లోనూ అంతే. తెర్రలోని ఎ పుట్టుకతోనే హ్రస్వం, నక్షత్రం అనే అర్థమున్న 'స్తేల్ల'లోని ఏ పుట్టుకతోనే దీర్ఘం, రెండు అక్షరాలూ గురువులే. స్పానిష్ వీటిని వేరుచేసి చూపిస్తుంది, హ్రస్వమైతే అచ్చు రెండుగా చీలుతుంది, దీర్ఘమైతే చీలదు: తెర్ర 'తియెర్ర' అయింది, స్తేల్ల 'ఎస్త్రెయ' అయింది. ఇంకా స్పష్టమైన జంట కావాలంటే తలుపు అనే 'పొర్త'నూ, ఆకారం అనే 'ఫోర్మ'నూ పక్కపక్కన పెట్టండి. మొదటిది 'పువెర్త' అయింది, రెండోది చెప్పులు కుట్టేవారు వాడే కాలి ఆకారపు మూసకు పేరై 'ఒర్మ'గా మిగిలింది. ఏడు అనే 'సెప్తెమ్' 'సియెతె' అయింది. లాటిన్ మాటలను తెలుగు లిపిలో రాసుకోమని నేను మొదటి నుంచీ పట్టుబట్టింది ఇందుకే: ఎ ఏలకూ, ఒ ఓలకూ వేరువేరు అక్షరాలున్న మన లిపిలో ఈ తేడా ఏ గుర్తూ అక్కరలేకుండానే కంటికి కనిపిస్తుంది.

ఈ పొట్టి పొడుగుల తేడా రోమన్లకే చెదిరిపోయింది. ఎముకను 'ఒస్' అనీ, నోటిని 'ఓస్' అనీ అనేవారు. ఆఫ్రికా ప్రజల చెవులు ఈ భేదాన్ని పట్టలేవు కాబట్టి ఎముకకు జనం వాడే 'ఒస్సుమ్' అనడమే మేలని 426లో ముగించిన గ్రంథంలో క్రైస్తవ మతాచార్యుడు అగస్టీన్ రాశాడు. ఏ, ఇ కలిసిపోయిన చోట మాత్రం ఇటలీకి చెందిన సార్డీనియా ద్వీపపు భాష మరో దారి పట్టింది. వెంట్రుక అనే 'పిలుమ్' స్పానిష్‌లో 'పెలొ' అయితే, అక్కడ 'పిలు'గానే నిలిచింది.

మరి గురులఘువులకు అసలు పనే లేదా అంటే, ఇటాలియన్‌లో ఉంది. అక్కడ హ్రస్వమైన ఎ, ఒలు లఘువులో ఉంటేనే రెండుగా చీలతాయి: నిప్పు అనే 'ఫొకుమ్' 'ఫువొకొ' అయింది కానీ తెర్ర, పొర్త మారలేదు. ఇక్కడ మన ఛందస్సు ఇంకోసారి దారి తప్పిస్తుంది. రాయి అనే 'పెత్ర'లో మన లెక్కన పె గురువు. ఇటాలియన్‌కు దారితీసిన ఉచ్చారణలో త్ర మొత్తం తరవాతి అక్షరానికే చెందుతుంది కనుక పె లఘువు, అందుకే 'పియెత్ర'. స్పానిష్‌కు ఈ పట్టింపు లేదు, ఊనిక, అంటే మాటలో ఒక అక్షరాన్ని నొక్కి పలకడం, ఒక్కటే చాలు: తలుపు 'పువెర్త', ద్వారపాలకుడు 'పొర్తెరొ', ఎందుకంటే రెండో మాటలో ఊనిక తె మీదికి జరిగింది.

లాటిన్ అచ్చు హ్రస్వమో దీర్ఘమో తేల్చుకోవాలంటే నేను ముందు స్పానిష్ రూపమే చూస్తాను. ఇటాలియన్ రాతలో వివృత సంవృతాలకు ఒకే అక్షరం కావడంతో తెర్రకూ స్తేల్లకూ తేడా కనిపించదు.

అభ్యాసం: ఇనుము 'ఫెర్రుమ్', ఇంటికప్పు 'తేక్తుమ్', శరీరం 'కొర్పుస్', కొత్తది 'నొవుమ్', చెంప 'బుక్క'. ఒక్కొక్కదానికి ఊనిక ఉన్న అచ్చు స్పానిష్‌లో, ఇటాలియన్‌లో ఏమవుతుందో నిఘంటువు చూడకుండా రాసి, ఆ అచ్చు హ్రస్వమా దీర్ఘమా, ఆ అక్షరం గురువా లఘువా అన్నవి రెండు వేరువేరు వాక్యాలుగా చెప్పండి. హల్లుల మార్పులు ఇప్పుడు వద్దు.